వాల్తేరులో ఇంజను మారుతుంది

మావయ్య తద్దినం సామాన్ల కోసం మొన్న విశాఖపట్నం పూర్ణా మార్కెట్‌కి వెళ్ళాను. నువ్వులు, దర్భలు, విస్తరాకులు అన్నీ అయ్యాక, అత్త చెప్పిన శొంఠి గుర్తొచ్చి పక్క సందులో మూలికల కొట్టు ముందు ఆగాను. కొట్టతను పొరపాటున ఇంకో డబ్బా మూత తీశాడు. అతిమధురం. ఆ తియ్యటి కర్ర వాసన తగిలిందో లేదో, నాకు పదకొండేళ్ళు. అల్లిపురంలో మావయ్య వాళ్ళ డాబా మీద, మంచుకి తడిసిన దుప్పటి ముసుగులో పడుకుని, తెల్లవారుజామున ఎస్వీ రంగారావు గారు పళ్ళు తోముకుంటూ దగ్గడం వింటున్నాను.

"ఇది కాదు సార్, శొంఠి పైనుంది" అంటున్నాడతను.

"పర్లేదు, ఇది కూడా కట్టండి. కరక్కాయలు కూడా ఓ పది."

ఎవరికో నాకే తెలీదు. ఇంట్లో గొంతు బాగుచేసుకోవాల్సిన వాళ్ళెవరూ లేరిప్పుడు.

*

మావయ్య మిమిక్రీ ఆర్టిస్టు. ఉద్యోగం పోర్టులో. ఈ రెండిట్లో ఏది ముందు చెప్పాలన్నది మా ఇళ్ళలో తేలని తగువు. మా అమ్మ "మా తమ్ముడు పోర్టులో క్లర్కు" అని ఆపేసేది. మావయ్యని అడిగితే "మిమిక్రీ చేస్తాను. మధ్యలో ఖాళీ దొరికితే పోర్టుకి వెళ్ళొస్తాను" అనేవాడు. అత్త మాత్రం ఎవరడిగినా ఏదీ చెప్పకుండా టీ తెచ్చి చేతిలో పెట్టేది.

సాధన తెల్లవారుజామునే. ఆ వేళకి గొంతు ఇంకా మెత్తగా, నిద్ర బరువుతో ఉంటుంది కాబట్టి కింది శ్రుతి బాగా పలుకుతుందట. రంగారావు, రావుగోపాలరావు, ముక్కామల లాంటి బరువు గొంతులన్నీ ఆరు లోపలే. ఎండెక్కే కొద్దీ రేలంగి, అల్లు రామలింగయ్య. రాజబాబు టిఫిన్ అయ్యాకే, ఎందుకంటే ఆ గొంతు పైన కీచుమంటూ ఉండాలి, ఖాళీ కడుపుతో రాదు. బుగ్గలో ఎప్పుడూ ఓ కరక్కాయ ముక్క. హరికథ దాసుగారు ఒకాయన నేర్పిన అలవాటట అది. ప్రోగ్రాం ఉన్న రోజున దానికి తోడు అతిమధురం కర్ర కూడా నమిలేవాడు. దగ్గరికెళ్తే ఆయన మాటకి కూడా ఆ వాసనే ఉండేది.

డాబా మీద మావయ్య, కింద వంటింట్లో అత్త. మధ్యలో గాలి కోసం వదిలిన ఓ చిన్న చదరపు కన్నం. మావయ్య ఒక గొంతు అందుకుని పది మాటలు చెప్పి ఆగేవాడు. కింద నుంచి బియ్యం చెరుగుతున్న చప్పుడు. మళ్ళీ చెప్పేవాడు. అప్పుడు వచ్చేది ఒక మాట.

"కాదు."

ఎందుకు కాదో ఆవిడ చెప్పదు, ఈయన అడగడు. గొంతు సర్దుకుని ఇంకో రకంగా మొదలుపెట్టేవాడు. మూడోసారో నాలుగోసారో కింద నుంచి ఏ మాటా రాకపోతే, అది కుదిరినట్టు. అత్త మావయ్య ప్రోగ్రాంకి ఒక్కసారి కూడా రాలేదు. "ఇంట్లో వింటన్నది చాలదేటి" అనేది. మేమంతా ఆవిడకి ఇదంటే ఇష్టం లేదనే అనుకునేవాళ్ళం.

*

ఇప్పుడైతే ఎవరి గొంతు కావాలన్నా ఫోన్‌లో వందసార్లు వినొచ్చు. అప్పుడు గొంతుని పట్టుకోవడమే పెద్ద వేట. ఆదివారం మధ్యాహ్నం రేడియోలో సంక్షిప్త శబ్దచిత్రం వచ్చేది. మూడు గంటల సినిమాని మాటలూ పాటలూ కలిపి గంటకి కుదించి వినిపించేవారు. ఆ గంట మా సందులో అన్ని ఇళ్ళలోంచీ అదే వినబడుతుండేది. మావయ్య మాత్రం రేడియోకి చెవి ఆనించి, ఒక చేత్తో తన దవడ పట్టుకుని వినేవాడు. దవడ ఎందుకంటే, మాట ఎక్కడ పుడుతోందో వెతుక్కోవడానికట.

సినిమాకి ఎప్పుడూ రెండుసార్లు. మొదటిసారి అందరిలాగే చూడ్డానికి. రెండోసారి కళ్ళు మూసుకుని వినడానికి. జగదాంబలో ఒకసారి నన్ను తీసుకెళ్ళాడు. ఏదో ఇంగ్లీషు సినిమా, డెబ్భై ఎమ్ఎమ్ తెర, గుర్రాలు మీదికి దూకుతున్నట్టుంటే, పక్కన ఈయన కళ్ళు గట్టిగా మూసుకుని ముక్కుతో ఏదో కూస్తున్నాడు. వెనకాయన "అన్నకి ఒంట్లో బాగోలేదేటి?" అని నన్నడిగాడు. ఏం చెప్పాలో తెలీక అవునన్నాను. ఇంటర్వెల్‌లో ఆయన మావయ్యకి సోడా కొనిచ్చాడు. మావయ్య తాగేశాడు కూడా.

ఒక్కొక్కరి గొంతూ ఒంట్లో ఒక్కో చోట ఉంటుందనేవాడు. నాగేశ్వరరావు గారిది ముక్కు మొదట్లో. రామారావు గారిది రొమ్ము విరిచి నిలబడితే తప్ప రాదు, కుర్చీలో వంగి కూర్చుని ఆ గొంతు చెయ్యమంటే ఎంతటివాడూ చెయ్యలేడు. సూర్యకాంతం గారిది ఎడమ చేతిలో ఉంటుంది, ఆ చెయ్యి తిప్పకుండా నోటితో ఎంత గింజుకున్నా ఉపయోగం లేదు. ఇక రంగారావు గారి గొంతు అందరూ గంభీరంగా అరిస్తే వచ్చేస్తుందనుకుంటారు గానీ, అది మాటలో లేదురా, మాటకీ మాటకీ మధ్య ఆగడంలో ఉంది అనేవాడు. "ఆయన ఆగినంతసేపు ఆగగలిగితే, తర్వాత పిల్లికూత కూసినా రంగారావే."

ఇది ఎంత నిజమో ఇప్పుడు టీవీల్లో మిమిక్రీ చూస్తుంటే తెలుస్తుంది. ఎవరూ ఆగరు.

*

పోర్టు కథ ఒకటి చెప్పకపోతే మావయ్య ఊరుకోడు.

వాళ్ళాఫీసు దగ్గర్లో ఒక టీ బడ్డీ. మధ్యాహ్నం అన్నాలయ్యాక అందరూ అక్కడ బెంచీల మీద కునుకు తీసేవారు. ఒకరోజు మావయ్య బడ్డీ వెనక్కి వెళ్ళి, రెండు అరచేతులూ దొప్పలా పట్టి, సైరన్ కూత మొదలుపెట్టాడు. అది కింద నుంచి నెమ్మదిగా లేచి, పైన నిలబడి, చివర్లో కొంచెం జారుతుంది. అచ్చం దించేశాడు. నిద్రపోతున్నవాళ్ళంతా చెప్పులు వెతుక్కుంటూ పరుగో పరుగు. గంటన్నర ముందే పనిలోకి వెళ్ళిపోయారు. టీ బడ్డీ ఆయన లబోదిబోమన్నాడు, అప్పులవాళ్ళు కూడా డబ్బులివ్వకుండా పారిపోయారని. ఆ డబ్బులు జీతం రోజున మావయ్యే కట్టాడు.

ఓడల కూతలు కూడా వచ్చేవి ఆయనకి. పెద్ద ఓడ బారుగా ఇచ్చే కూత, దాన్ని లాక్కొచ్చే టగ్గు పడవ పొట్టిగా ఇచ్చే జవాబు. ఈ రెండూ మాట్లాడుకుంటున్నట్టు ఒక ఐటం కట్టాడు, అత్తా కోడళ్ళ మాటల్లా. ఇంట్లో మేం పడి పడి నవ్వేవాళ్ళం. స్టేజి మీద మాత్రం ఎప్పుడూ చెయ్యలేదు. "అది మన ఊళ్ళోవాళ్ళకి రోజూ ఫ్రీగా వినబడతాది. డబ్బులెవడిస్తాడు?"

*

ప్రోగ్రాంల కాలం వినాయక చవితితో మొదలయ్యేది. తొమ్మిది రాత్రులూ పందిళ్ళే, కొన్ని రాత్రులు రెండేసి. తర్వాత దసరా, మార్గశిరం, సంక్రాంతి, శ్రీరామనవమి. టర్నర్ సత్రంలో పెళ్ళిళ్ళు. ఎప్పుడైనా అదృష్టం బాగుంటే కళాభారతి హాల్లో ఏదో సంస్థ వార్షికోత్సవం. ఎక్కువగా ఆర్కెస్ట్రాలతోనే వెళ్ళేవాడు. పాటకీ పాటకీ మధ్య వాయిద్యాలవాళ్ళు సర్దుకునేలోపు జనం లేచిపోకుండా కూర్చోబెట్టడం ఆయన పని. "మధ్యలో మిమిక్రీ" అని కరపత్రం మీద వేసేవారు. పేరుండేది కాదు.

సంచీ మోసేది నేను. అందులో ఒక నల్లకళ్ళజోడు, ఒక తలపాగా గుడ్డ, ఒక ఉత్తుత్తి మీసం, ఫ్లాస్కులో వేడినీళ్ళు, కరక్కాయ పొట్లం, ఒక పాత బెల్టు. బెల్టు రావుగోపాలరావు కోసం. అది పొట్ట కిందికి దించి పెట్టుకుంటే తప్ప ఆ గొంతులో వెటకారం వచ్చేది కాదట.

మైకు చేతికి రాగానే మావయ్య చేసే మొదటి పని దాన్ని వాసన చూడ్డం. ఆ జాలీకి ముందు పాడినవాళ్ళ తమలపాకు, సిగరెట్టు, తుప్పు అన్నీ కలిసి ఒక వాసన ఉండేది. "వీడు నా కంటే ముందు ఎంతమందిని మోశాడో" అనేవాడు. తర్వాత దూరం చూసుకునేవాడు. పెదవికి ఆనిస్తే రైలు, జానెడు దూరమైతే మనిషి, మూరెడైతే పక్కింట్లోంచి అరుస్తున్న మనిషి. చెయ్యి చుట్టి గుప్పిట్లో మాట్లాడితే రేడియో. ఇంత సరంజామాకీ ఖర్చు ఒక అరచెయ్యి.

యాభై రూపాయలిచ్చేవారు. వందిస్తే పెద్ద పందిరి. కొన్నిచోట్ల శాలువా కప్పి దండం పెట్టి పంపేసేవారు, డబ్బుల మాట ఎత్తేవారు కాదు. ఇంట్లో శాలువాలు ఎన్ని పోగయ్యాయంటే, అత్త వాటితో బొంతలు కుట్టించింది. చలికాలం మేమంతా సన్మానాలు కప్పుకుని పడుకునేవాళ్ళం.

ఒకసారి ఓ కాలనీలో మావయ్య కంటే ముందు ముఖ్య అతిథి గంటసేపు మాట్లాడారు. వాక్యానికోసారి "ఈ సందర్భంగా" అనేవారు. మావయ్యకి నోరు ఊరుకోలేదు. మైకు అందుకుంటూనే "ఈ సందర్భంగా" అన్నాడు, ఆయన గొంతుతోనే. పిల్లలు విరగబడి నవ్వారు. ముందు వరస మాత్రం రాయిలా అయిపోయింది. రెండో నిమిషంలో కరెంటు పోయింది, మా ఒక్క మైకుకి మాత్రమే. ఆ రాత్రి డబ్బులూ లేవు, శాలువా లేదు, రిక్షా కూడా లేదు. నడిచొస్తూ దారంతా "ఈ సందర్భంగా కుక్కలు మొరుగుచున్నవి" అంటూ అదే గొంతులో నన్ను నవ్విస్తూనే ఉన్నాడు.

*

మాట్లాడే బొమ్మ కూడా ఉండేది. తల ఏటికొప్పాకలో ఒకాయన చేత చేయించాడు. అంకుడు కర్ర, తేలిక, పైన లక్క రంగు. వెనక తాడు లాగితే దవడ ఆడుతుంది. దాని పేరు గుంటడు, అంటే మా వైపు పిల్లాడని. వేరే పేరు పెట్టాలని మావయ్యకి తోచనేలేదు.

బొమ్మ మాట్లాడేటప్పుడు మన పెదవులు కదలకూడదు కదా. పెదవులు కలవకుండా ప, బ, మ పలకవు. తెలుగులో ఈ మూడూ లేకుండా ఎంతసేపు మాట్లాడతాం? అమ్మ, బాబు, పాప, మామ, అన్నీ అవే. అందుకని ప బదులు త, బ బదులు ద, మ బదులు న అని పలికేసి, మిగతాది వినేవాళ్ళ చెవికి వదిలెయ్యాలి. చెవి తనంతట తనే సర్దుకుంటుంది. "పాలు" అంటున్నాడని తెలిశాక "తాలు" అన్నా పాలే వినబడుతుంది.

అయితే ఒక్క మాట దగ్గర దొరికిపోయాడు. గుంటడు ఏడుస్తూ "అమ్మ కావాలి" అనాలి. అది "అన్న కావాలి" అని వచ్చింది. రామారావు గారు పార్టీ పెట్టి ఊరూరా తిరుగుతున్న రోజులు. అన్న అంటే రాష్ట్రమంతటికీ ఒక్కరే. పందిరి ఈలలతో ఎగిరిపోయింది. సగంమంది చప్పట్లు, ఆ పార్టీ కానివాళ్ళు "ఏయ్, రాజకీయాలేటి?" అని గోల. మావయ్య ఒక్క క్షణం బిత్తరపోయి, బొమ్మ వైపు తిరిగి "అన్న కాదురా, అమ్మ అను" అన్నాడు. గుంటడు ఇంకా గట్టిగా "అన్నే అంటన్నాను!" అని ఏడ్చాడు. ఆ తర్వాత పదేళ్ళు అదే ఐటం. జనం అదే అడిగేవారు.

*

దేవుడి గూట్లో వెంకటేశ్వరస్వామి పటం పక్కన ఒక ఫొటో ఉండేది, పత్రికలోంచి కత్తిరించి అట్టకి అంటించినది. నేరెళ్ళ వేణుమాధవ్ గారు. చిన్నప్పుడు నేను ఆయన కూడా ఎవరో స్వామీజీ అనుకుని దండం పెట్టుకునేవాణ్ణి. మావయ్య చూసి కూడా దిద్దలేదు.

ఆయనది వరంగల్లు. మిమిక్రీ అంటే పెళ్ళిళ్ళలో కోతిచేష్ట కాదు, ధ్వని అనుకరణ అనే విద్య అని జనం చేత ఒప్పించిన మనిషి. ఐక్యరాజ్యసమితి దాకా వెళ్ళి చేసొచ్చారు. తెలుగు విశ్వవిద్యాలయంలో దాన్ని పాఠంగా చెప్పారు. 2001లో పద్మశ్రీ వచ్చినప్పుడు మావయ్య పేపరు పట్టుకుని మా ఇంటికొచ్చి, "మాకు పద్మశ్రీ వచ్చింది" అన్నాడు. మాకు అన్నాడు. డిసెంబరు 28 ఆయన పుట్టినరోజు. ఆ రోజు అల్లిపురం ఇంట్లో పరమాన్నం తప్పదు. మా పిల్లల పుట్టినరోజులు ఒక్కొక్కసారి మర్చిపోయేవాడు గానీ అది మాత్రం ఎప్పుడూ మర్చిపోలేదు.

ఆయన హాలీవుడ్ సినిమాల్లో సీన్లని శబ్దాలతో సహా ఒంటి గొంతుతో దించేసేవారు. మావయ్య అది విన్న రాత్రి ఇంటికొచ్చి నిద్రపోలేదట. "గొంతుతో మనుషుల్నే కాదురా, చోటుని కూడా చూపించొచ్చు" అన్నాడు నాతో. వాల్తేరు స్టేషన్ ఐటం ఆ మాటలోంచే పుట్టింది.

*

హౌరా, మద్రాసుల మధ్య తిరిగే బళ్ళకి మా ఊళ్ళో ఒక తమాషా ఉంది. బండి స్టేషన్లోకి ఒక మొహంతో వస్తుంది, ఇంకో మొహంతో వెళ్తుంది. ఇంజను ఈ కొసన విప్పి ఆ కొసన తగిలించాలి. అప్పటిదాకా ముందుకి చూస్తూ కూర్చున్నవాళ్ళు అక్కణ్ణుంచి వెనక్కి కూర్చుని ప్రయాణం చేస్తారు. కొత్తవాళ్ళు బండి వచ్చిన దారినే వెనక్కి పోతోందని కంగారు పడతారు. స్టేషన్ బోర్డు మీద పేరు విశాఖపట్నం అని మారినా, మావయ్య నోట్లో అది చివరిదాకా వాల్తేరే.

ఐటం పన్నెండు నిమిషాలు. ముందు దూరంగా బండి వస్తున్న చప్పుడు. పట్టాల అతుకుల మీద టకటక, దగ్గరకొచ్చేకొద్దీ నెమ్మదిస్తూ. బ్రేకు గీరుకోవడం, చివరి కుదుపు. వెంటనే ఒకేసారి పదిమంది. టీ, ఇడ్లీ వడ, బొంగురు గొంతు కూలీ, లౌడ్ స్పీకర్లో ముక్కుతో మాట్లాడే ఆవిడ మూడు భాషల్లో, ఒక బెంగాలీ ముసలాయన నీళ్ళసీసా పట్టుకుని దిగుతూ పెళ్ళాంతో తగువు. ఇవన్నీ సాగుతుంటే వెనకాల ఎక్కడో ఇంజను విప్పుతున్న గొలుసు చప్పుడు, గొట్టం ఊడగానే బుస్సుమని గాలి. తర్వాత అది ఒంటరిగా పక్క పట్టా మీద వెళ్ళిపోతుంది. అప్పుడు మావయ్య మైకుని మెల్లగా కుడి భుజం మీంచి ఎడమ భుజం మీదికి తిప్పేవాడు. నిజంగా ఇంజను మన ఎదటి నుంచి అవతలి కొసకి వెళ్ళినట్టే ఉండేది. అవతల ధన్‌మని తగిలి, పెట్టెలన్నీ ఒకదానికొకటి ఆ కుదుపుని అందించుకోవడం, చివరి పెట్టె దాకా. గార్డు ఈల. ఆఖర్న ఒక చిన్నపిల్లాడి గొంతు: "నాన్నా, ఇంటికెళ్ళిపోతన్నామేటి?"

ఆ పిల్లాణ్ణి నేనే. చిన్నప్పుడు ఎప్పుడో బండిలో ఏడ్చానట.

నా లెక్కలో మావయ్య చేసినవాటన్నిట్లోకీ అదే గొప్పది. స్టేజి మీద మాత్రం మూడు నిమిషాలు దాటితే చాలు, వెనకనుంచి "రామారావుది చెయ్, నాగేశ్వరరావుది చెయ్" అని కేకలు. పన్నెండు నిమిషాలూ పూర్తిగా వినిపించింది మా డాబా మీదే. గాజువాక సిటీబస్సు కండక్టరు, నెత్తిన గంప పెట్టుకుని "నెత్తళ్ళు, కానాగంతలు" అని మా సందులో అరిచే జాలరి అప్ప, బీచిలో మురీ మిక్చరు డబ్బా గరిటెతో వాయించేవాడు, ఇవన్నీ కూడా ఇంటి సరుకే. సినిమావాళ్ళ గొంతులు బయట అమ్ముకుని, ఊరి గొంతులు ఇంట్లో దాచుకున్నాడు.

*

1996 జనవరిలో రామారావు గారు పోయారు. ఆ వారం ప్రతి జంక్షన్లో ఒక పందిరి, ఒక దండేసిన ఫొటో, మైకులో పద్యాలు. మా సందువాళ్ళు మావయ్య దగ్గరికొచ్చారు, గొంతు వినిపించమని. మావయ్య రానన్నాడు. బతికున్న మనిషిని అనుకరిస్తే సరదా, పోయినాయన గొంతు తియ్యడం ఏదో తప్పులా ఉంటుందన్నాడు. బలవంతం మీద వెళ్ళాడు.

మీసం లేదు, వేషం లేదు. ఫొటోకి దండం పెట్టి, రొమ్ము విరిచి నిలబడి, మామూలు క్షేమసమాచారం నాలుగు ముక్కలు, ఆ గొంతులో. "బాగున్నారా, పిల్లలు చదువుకుంటున్నారా" అని. చప్పట్లు లేవు. నవ్వు లేదు. ఎవరో ముసలాయన ముందుకొచ్చి మావయ్య చెయ్యి పట్టుకుని "ఇంకొక్కసారి అడగమని చెప్పు బాబూ" అన్నాడు. అడగమని చెప్పు, అన్నాడు. మావయ్య మళ్ళీ అడిగాడు. ఆయన "బాగున్నామయ్యా" అని ఫొటో వైపు తిరిగి జవాబిచ్చాడు.

ఆ రాత్రి ఇంటికొచ్చి చాలాసేపు మాట్లాడలేదు. అత్త కూడా ఏమీ అడక్కుండా అన్నం పెట్టింది.

*

ఆ తర్వాత ప్రోగ్రాంలు తగ్గాయి. టీవీ వల్ల అంటారు, నిజమే గానీ నేను చూసింది ఇంకొకటి. ఒక స్కూలు ఫంక్షన్లో మావయ్య పాత సినిమాల నటుడు సీయస్సార్ గొంతు ఎత్తుకున్నాడు. అదొక తేనె పూసిన కత్తి లాంటి గొంతు, మావయ్యకి బాగా కుదిరేది. ముందు వరస కుర్రాడొకడు పక్కవాణ్ణి "ఎవర్రా ఇది?" అన్నాడు. పక్కవాడు భుజాలెగరేశాడు. మావయ్య రేలంగిని ఎత్తుకున్నాడు, వాళ్ళ టీచర్లలో ఇద్దరు నవ్వారు. అసలు మనిషి ఎవరో వినేవాళ్ళకి తెలియకపోతే మిమిక్రీ ఏముంది? ఎవరో ఒకాయన వింతగా మాట్లాడుతున్నాడు, అంతే.

కొత్త హీరోలవి నేర్చుకున్నాడు. చిరంజీవిది పర్వాలేదు. ఆ తర్వాతవాళ్ళవి "కాదు" అనే మాట కిందనుంచి వస్తూనే ఉండేది. చివరికి ఆయనే వదిలేశాడు. గుంటణ్ణి గుడ్డలో చుట్టి అటక మీద పెట్టాడు. డాబా ఇల్లు డెవలప్‌మెంటుకి ఇచ్చేశారు. ఆ స్థలంలోనే లేచిన అపార్ట్‌మెంట్లో రెండో అంతస్తు వీళ్ళకి వచ్చింది. చదరపు కన్నం పోయింది.

*

ఆఖరి ప్రోగ్రాం హుద్‌హుద్ తుఫానులో.

2014 అక్టోబరు 12, ఆదివారం. ఒక పెళ్ళికని హైదరాబాదు నుంచి వచ్చి ఇరుక్కుపోయాను. పొద్దున్నుంచీ ఆ గాలి హోరు విన్నవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, వినని వాళ్ళకి చెప్పలేను. కిటికీ అద్దాలు పగిలాక పరుపులు అడ్డం పెట్టి మేమంతా హాల్లో కూర్చున్నాం. మధ్యలో ఉన్నట్టుండి అంతా సద్దుమణిగింది. అయిపోయిందనుకున్నాం. మావయ్య తలెత్తి విని "ఆగాడు" అన్నాడు. రంగారావు గారి గురించి అన్నట్టే. కాసేపటికి అటు వైపునుంచి మళ్ళీ మొదలైంది.

మర్నాటికి ఊరు ఊరులా లేదు. చెట్లు లేవు, ఉన్నవాటికి ఆకుల్లేవు. విమానాశ్రయం కప్పు లేచిపోయింది. కరెంటు లేదు, ఫోన్లు లేవు, నీళ్ళు లేవు, పాల ప్యాకెట్టు దొరకడమే గగనం. చీకటి పడితే లోపల ఉక్క, బయట దోమలు. అపార్ట్‌మెంటు జనమంతా మెట్ల మీద చేరేవారు. ఒకే గోడ అవతల ఏళ్ళుగా ఉంటున్నవాళ్ళు అప్పుడే పేర్లు అడిగి తెలుసుకుంటున్నారు. రెండో రాత్రి ఎవరిదో చంటిది ఆపకుండా ఏడుస్తోంది. పై మెట్టు మీద నుంచి, చీకట్లోంచి, పిల్లి కూసింది. చంటిది ఆగింది. కుక్క మొరిగింది. తర్వాత పిల్లీ కుక్కా తగువు. ఎవరో నవ్వారు. ఇంకెవరో "ఎవరండీ అది?" అన్నారు.

మావయ్య వాల్తేరు స్టేషన్ ఎత్తుకున్నాడు. అరవై దాటిన గొంతు, మైకు లేదు, పెట్టెలు దూరమయ్యేచోట ఊపిరి అందక కొంచెం తెగింది. కానీ ఆ మెట్ల గోడలకి గొంతు తగిలి తిరిగొస్తుంటే నిజం స్టేషన్ కప్పు కింద ఉన్నట్టే ఉంది. ఒక్కరూ రామారావుది చెయ్యమనలేదు. పన్నెండు నిమిషాలూ విన్నారు. ఇంజను అవతలి కొసన తగలగానే, కొవ్వొత్తి పట్టుకున్న ఒక రిటైర్డ్ రైల్వే ఆయన "రైటో!" అని అరిచేశాడు. కరెంటు లేని ఆ రాత్రులన్నీ అదే పని. గాజువాక బస్సు, నెత్తళ్ళమ్మ, ఓడా టగ్గూ, అన్నీ బయటికొచ్చాయి. కరెంటు వచ్చిన సాయంత్రం అందరూ హోయ్ అని కేకలేసి ఎవరి తలుపులు వాళ్ళు వేసుకున్నారు. మావయ్య మెట్ల మీద ఇంకాసేపు కూర్చుని లేచాడు.

వేణుమాధవ్ గారు 2018లో పోయినప్పుడు మావయ్య స్నానం చేసి, ఫొటోకి దండేసి, ఆ పూట తినలేదు. మావయ్య తర్వాత కొన్నాళ్ళకి నిద్రలోనే వెళ్ళిపోయాడు. ఆయన ప్రోగ్రాంల క్యాసెట్లు రెండు ఉండేవి. సముద్రపు చెమ్మకి టేపు మీద తెల్లగా బూజు పట్టేసింది. బాగుచేస్తాడంటే ఒకరి దగ్గరికి పట్టుకెళ్ళాను. వినబడింది గాలి హోరు మాత్రమే.

*

మొన్న తద్దినం అయ్యాక, మధ్యాహ్నం భోజనాల తర్వాత అందరం హాల్లో చేరబడ్డాం. బావమరిది కొడుకు, ఏడేళ్ళవాడు, బెంగుళూరులో పెరుగుతున్నాడు. తాతయ్య ఏం చేసేవారని అడిగాడు. మిమిక్రీ అన్నాను. అంటే ఏంటన్నాడు. సరే చూడమని నేను లేచి నిలబడి, మావయ్యలాగే ఎడమ చెయ్యి పైన కడ్డీ పట్టుకున్నట్టు పెట్టి, గాజువాక బస్సు కండక్టర్ని ఎత్తుకున్నాను.

"కాన్వెంట్ జంక్షన్, సింధియా, మల్కాపురం, గాజువాక..."

వాడు నన్నే చూస్తున్నాడు, పాపం, నవ్వాలా వద్దా అన్నట్టు.

వంటింట్లోంచి వచ్చింది.

"కాదు."

అందరం అటు తిరిగాం. అత్త కొంగుతో చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. నోట్లో ఏదో నములుతోంది. నేను తెచ్చిన అతిమధురం పొట్లం విప్పినట్టుంది. గుమ్మానికి భుజం ఆనించి, ముక్కు కొంచెం పైకెత్తి, ఎటో రోడ్డు మీదకి చూస్తున్నట్టు చూసింది. ఆగింది. చాలాసేపు ఆగింది.

"కాన్వెంటూ సింధ్యా మల్కాపరం... గాజాక్‌గాజాక్‌గాజాక్‌గాజాకా... ఏటమ్మా, ఎక్కుతావా, బస్సుకి పెళ్ళిచూపులా? రైట్, పోనీ!"

చివర అరచేత్తో తలుపు మీద రెండు దెబ్బలు, దడదడ. పిల్లాడు ఉలిక్కిపడి, కిందపడి నవ్వడం మొదలుపెట్టాడు. బావమరిది నోరు తెరుచుకుని వాళ్ళమ్మని చూస్తున్నాడు. నా చెయ్యి ఇంకా పైనే ఉంది, కడ్డీ పట్టుకున్నట్టు.

"మామ్మా, ఎగైన్! ఎగైన్!"

"ఆగరా నాయనా, పొయ్యి మీద పాలున్నాయి" అని అత్త లోపలికి వెళ్ళిపోయింది.